సీజన్ చివరి గెలుపులను, యువ పిచర్ భవిష్యత్తును ఎలా అంచనా వేయాలి?

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆగస్టు ముగిసేసరికి చాలా జట్లకు ప్లేఆఫ్స్ ఆశ అడుగంటుతుంది గాని, ఇంకా పాతిక దాకా మ్యాచ్‌లు మిగిలే ఉంటాయి. ఏప్రిల్ నుంచి ఈసురోమంటూ నడిచిన జట్టు సరిగ్గా అప్పుడే వరుసగా గెలవడం మొదలుపెడితే అభిమానులు రెండుగా చీలిపోతారు. వచ్చే ఏడాది మనదేనని ఒక వర్గం సంబరపడుతుంది. ఎందుకూ కొరగాని గెలుపుల వల్ల, బలహీన జట్లకు ముందు వంతు దక్కే డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) మంచి స్థానం చేజారుతోందని రెండో వర్గం మథనపడుతుంది. కింది స్థాయి అయిన మైనర్ లీగ్ నుంచి అప్పుడే వచ్చిన యువ పిచర్ (బంతి విసిరేవాడు) ఒకడు ఆ గెలుపుల్లో మెరిస్తే వాదన మరింత వేడెక్కి, అతను జట్టుకు పదేళ్ల ఆధారమని కొందరు, నాలుగు రోజుల ముచ్చటేనని మరికొందరు తీర్పులు చెప్పేస్తారు.

డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారికి ఇందుకు చేరువలోనే ఒక ఉదాహరణ ఉంది. 2023లో వరల్డ్ సిరీస్ గెలిచిన టెక్సస్ రేంజర్స్ ఆ మరుసటి ఏడాది 78 గెలుపులు, 84 ఓటములతో ప్లేఆఫ్స్‌కు దూరమైంది. ఆ సీజన్ చివర్లో, సెప్టెంబర్ 12న సియాటిల్‌లో, కుమార్ రాకర్ అనే 24 ఏళ్ల పిచర్ తన తొలి మేజర్ లీగ్ మ్యాచ్ ఆడాడు. తల్లి వైపు భారతీయ మూలాలున్న ఆ కుర్రవాడు నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకవుట్ చేసి (మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేసి) ఒక్క పరుగే ఇచ్చాడు. మోచేతి శస్త్రచికిత్స నుంచి కోలుకున్న జేకబ్ డిగ్రామ్ ఆ మరునాడే అదే మైదానంలో తిరిగి బంతి పట్టాడు. ఆ రెండు రోజులు చూసిన రేంజర్స్ అభిమానికి ఆశ కలగడం సహజం. అలాంటి ఆశకు ఎంత ఆధారం ఉందో తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

వాదనకు దిగే ముందు ఒక్క ప్రశ్నను గట్టిగా పట్టుకోవాలి: ఈ గెలుపును తెచ్చిన సామర్థ్యం వచ్చే ఏప్రిల్‌లో కూడా ఈ జట్టులోనే ఉంటుందా? సెప్టెంబర్‌లో జరిగే ప్రతి మంచినీ చెడునూ ఈ ప్రశ్నతో గీటుపెట్టి చూస్తే, వాదనలో సగం అక్కడికక్కడే తేలిపోతుంది.

గెలుపు ఎవరి చేతి మీదుగా వచ్చింది?

మ్యాచ్ ముగిశాక స్కోరు మాత్రమే చూసి ఊరుకోకుండా బాక్స్ స్కోరు (ఎవరెలా ఆడారో చెప్పే పట్టిక) తెరవండి. పరుగులు తెచ్చినవారు ఎవరో, వారి వయసెంతో, వారి ఒప్పందం ఎప్పటివరకో గమనించండి. ఆ ఏడాదితో ఒప్పందం ముగిసే 35 ఏళ్ల బ్యాటర్ రెండు హోమ్ రన్లు కొట్టి గెలిపించిన మ్యాచ్ ఆనందాన్ని ఇస్తుంది గాని భవిష్యత్తు గురించి ఏమీ చెప్పదు. అదే పని ఇంకా ఐదేళ్లు జట్టు అదుపులో ఉండబోయే 23 ఏళ్ల ఆటగాడు చేస్తే దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు.

ఆ తరువాత ఎదుటి జట్టును చూడాలి. ప్లేఆఫ్స్ స్థానం ఖాయం చేసుకున్న జట్టు తన ప్రధాన పిచర్లకు విశ్రాంతి ఇచ్చి, బెంచి మీది వారిని దించుతుంది. జూలై చివర్లో మంచి ఆటగాళ్లను అమ్ముకున్న జట్టు సెప్టెంబర్‌లో దాదాపు కొత్త జట్టుగా ఆడుతుంది. సెప్టెంబర్‌లో ఆటగాళ్ల జాబితాను 26 నుంచి 28కి పెంచుతారు కనుక, ఆ నెలలో ఎదురయ్యే పిచర్లలో కొందరు నిన్నటిదాకా మైనర్ లీగ్‌లో ఉన్నవారే. 2019 వరకు ఈ పరిమితి 40 దాకా ఉండేది. కాబట్టి పాత సెప్టెంబర్ లెక్కలను ఇప్పటివాటితో పోల్చేటప్పుడు మరీ జాగ్రత్త అవసరం.

ఇప్పుడు చిన్న లెక్క ఒకటి చేయండి. బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ చెప్పిన సూత్రం ప్రకారం, జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం ఈ రెండింటి మొత్తంతో భాగిస్తే ఆ జట్టు గెలవవలసిన నిష్పత్తి సుమారుగా వస్తుంది. ఒక జట్టు సెప్టెంబర్‌లో 27 మ్యాచ్‌లు ఆడి 150 పరుగులు చేసి 120 ఇచ్చిందనుకుందాం. 22,500ను 36,900తో భాగిస్తే 0.61 వస్తుంది, అంటే ఆ జట్టు పదహారు లేదా పదిహేడు మ్యాచ్‌లు గెలవాలి. నిజానికి 20 గెలిచి ఉంటే, పైన వచ్చిన మూడు నాలుగు గెలుపులు ఒక్క పరుగు తేడాతో అదృష్టం కలిసివచ్చినవని భావించవచ్చు. అసలు 27 మ్యాచ్‌లన్నది ఎంత చిన్న సంఖ్యో కూడా గుర్తుంచుకోవాలి. గెలుపు ఓటములకు సరిసమానంగా అవకాశమున్న సాధారణ జట్టు కూడా, కేవలం అదృష్టం అటూ ఇటూ కావడం వల్లనే, ఆ నెలలో 11 నుంచి 16 మధ్య ఎన్ని మ్యాచ్‌లైనా గెలవగలదు. 16 గెలిచి 11 ఓడిన నెలను చూసి మేనేజర్ జట్టును మార్చేశాడని రాసేవారు ఈ సంగతి ఒక్క నిమిషం ఆలోచించాలి.

గెలుపు ఊపు ముందుకు సాగుతుందన్న నమ్మకం అభిమానుల్లో బలంగా ఉంది గాని, చరిత్ర అందుకు పెద్దగా సాక్ష్యం చెప్పదు. 2007లో కొలరాడో రాకీస్ సీజన్ చివరి దశ నుంచి ప్లేఆఫ్స్ దాకా 22 మ్యాచ్‌లలో 21 గెలిచి వరల్డ్ సిరీస్‌కు చేరి, అక్కడ బోస్టన్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడిపోయింది. మరుసటి ఏడాది 74 మ్యాచ్‌లు మాత్రమే గెలిచింది. 2025లో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ ఏకంగా పదిహేనున్నర మ్యాచ్‌ల వెనుకబాటును పూడ్చుకుని డెట్రాయిట్ టైగర్స్ నుంచి డివిజన్ టైటిల్‌ను లాక్కుంది. ఆ వెంటనే మొదలైన ప్లేఆఫ్స్ తొలి అంచె, వైల్డ్ కార్డ్ సిరీస్‌లో, క్లీవ్‌లాండ్ సొంత మైదానంలోనే, కుప్పకూలిందనుకున్న డెట్రాయిట్ గెలిచింది. నెల రోజుల ఊపు ఆ మరుసటి వారానికే అక్కరకు రానప్పుడు, ఆరు నెలల తరువాతి ఏప్రిల్‌కు వస్తుందని నమ్మడానికి కారణం కనిపించదు.

అలాగని ఆలస్యంగా వచ్చిన గెలుపులన్నీ వట్టివేనని తేల్చేయడం కూడా తప్పే. అదే డెట్రాయిట్ 2024 జూలైలో జాక్ ఫ్లాహర్టీని డాడ్జర్స్‌కు అమ్మేసి, ఆగస్టులో 55 గెలుపులు, 63 ఓటముల దగ్గర ఉండి కూడా, మిగిలిన 44 మ్యాచ్‌లలో 31 గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరింది. ఆ గెలుపుల వెనుక, ఏడాది అత్యుత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్న తారిక్ స్కూబల్, అతని చుట్టూ ఒప్పందం ఇంకా ఎన్నో ఏళ్లున్న యువకులు ఉన్నారు. మరుసటి ఏడాది ఆ జట్టు 87 గెలిచి మళ్లీ ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. కొలరాడోకు, డెట్రాయిట్‌కు తేడా ఏమిటని అడిగేవారికి నా సమాధానం ఇదే: ఎన్ని గెలిచారన్నది పక్కనపెట్టి, ఎవరు గెలిపించారో చూడండి.

డ్రాఫ్ట్ కోసం ఓటమిని కోరుకోవాలా?

ఈ వాదనకు ఒకప్పుడు కొంత బలం ఉండేది. 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి ఆరు స్థానాలను లాటరీ ద్వారా నిర్ణయిస్తున్నారు. అట్టడుగున నిలిచిన మూడు జట్లకూ మొదటి స్థానం దక్కే అవకాశం సమానంగా 16.5 శాతమే. 2024 డ్రాఫ్ట్‌కు 2 శాతం అవకాశమున్న క్లీవ్‌లాండ్‌కే మొదటి స్థానం దక్కింది. చికాగో వైట్ సాక్స్ 2024లో 121 మ్యాచ్‌లు ఓడి ఆధునిక కాలపు రికార్డు నెలకొల్పినా, పెద్ద ఆదాయమున్న జట్లకు వరుసగా రెండో ఏడాది లాటరీ స్థానం దక్కకూడదన్న నిబంధన వల్ల 2025 డ్రాఫ్ట్‌లో పదో స్థానంతో సరిపెట్టుకుంది. పైగా బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో ఎంపికైనవారు పెద్ద లీగ్‌కు రావడానికి ఏళ్లు పడుతుంది. 2013లో అందరికంటే ముందు ఎంపికైన మార్క్ అపెల్ 2022లో గాని మేజర్ లీగ్ మ్యాచ్ ఆడలేదు. మైక్ ట్రౌట్ 2009లో 25వ ఎంపిక. స్కూబల్, డిగ్రామ్ ఇద్దరూ తొమ్మిదో రౌండ్‌లో వచ్చినవారు. డ్రాఫ్ట్‌లో రెండు మూడు మెట్లు పైకి జరగడం కోసం సొంత జట్టు ఓడిపోవాలని కోరుకోవడం లెక్క ప్రకారం కూడా గిట్టుబాటు కాదు. సెప్టెంబర్‌లో ఒక యువకుడికి దొరికే ఇరవై ఇన్నింగ్స్ అనుభవం అంతకంటే విలువైనదని నా అభిప్రాయం.

పిచర్ దగ్గర చూడవలసినవి

యువ పిచర్ గురించి మాట్లాడేటప్పుడు అతని ఖాతాలోని గెలుపు ఓటములను ముందుగా పక్కన పెట్టండి. పిచర్ గెలుపు అతని జట్టు బ్యాటర్ల మీద, అతని తరువాత దిగే పిచర్ల బృందమైన బుల్‌పెన్ మీద ఎంతో ఆధారపడుతుంది. 2018లో 1.70 ఇ.ఆర్.ఏ.తో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున పిచర్ లెక్కలో పడే పరుగులు; తక్కువైతే మేలు) సై యంగ్ అవార్డు గెలిచిన డిగ్రామ్‌కు ఆ ఏడాది పది గెలుపులు, తొమ్మిది ఓటములు. 2025లో పిట్స్‌బర్గ్ యువకుడు పాల్ స్కీన్స్ పది గెలిచి పది ఓడాడు; ఇ.ఆర్.ఏ. 1.97, అవార్డు అతనిదే.

ఇ.ఆర్.ఏ.ను కూడా కొద్ది ఇన్నింగ్స్‌లో నమ్మకూడదు. రాకర్ 2024లో మూడు మ్యాచ్‌లు ఆడి 11⅔ ఇన్నింగ్స్‌లో 3.86 ఇ.ఆర్.ఏ. నమోదు చేశాడు, అంటే అతని లెక్కలో పడ్డవి ఐదు పరుగులు. ఇద్దరు బేస్‌ల మీద ఉండగా ఒక్క స్లైడర్ (పక్కకు వంగే బంతి) వంగకుండా ప్లేట్ మధ్యకు వచ్చి హోమ్ రన్‌గా వెళ్లి ఉంటే, అవి ఎనిమిదై ఇ.ఆర్.ఏ. 6.17కు చేరేది. ఒక్క బంతితో మంచి పిచర్ చెడ్డవాడైపోయేంత చిన్న లెక్క మీద పదేళ్ల భవిష్యత్తును కట్టకూడదు.

అందుకు బదులుగా స్ట్రైకవుట్లు, వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులు, అంటే బాల్స్, పడితే బ్యాటర్‌కు దక్కే ఉచిత బేస్), హోమ్ రన్లు చూడండి. బ్యాట్‌కు తగిలిన బంతి ఫీల్డర్ చేతిలో పడుతుందా, ఖాళీలో పడుతుందా అన్నది చాలావరకు పిచర్ అదుపులో ఉండదు. ఈ మూడు మాత్రం ప్రధానంగా అతని చేతిలోనివే. వీటి ఆధారంగా కట్టిన కొలతను ఎఫ్.ఐ.పి. అంటారు. హోమ్ రన్లను 13తోను, వాక్‌లు, శరీరానికి తగిలిన బంతుల మొత్తాన్ని 3తోను గుణించి కలిపి, అందులోంచి స్ట్రైకవుట్లకు రెట్టింపు తీసేసి, ఇన్నింగ్స్‌తో భాగించి, చివర సుమారు 3.1 కలపాలి. ఒక యువకుడు 30 ఇన్నింగ్స్‌లో మూడు హోమ్ రన్లు, తొమ్మిది వాక్‌లు ఇచ్చి, ఒకరిని బంతితో కొట్టి, 33 మందిని స్ట్రైకవుట్ చేశాడనుకుంటే అతని ఎఫ్.ఐ.పి. 3.2 అవుతుంది. అతని ఇ.ఆర్.ఏ. 4.80 ఉన్నా అప్పుడు దిగులుపడనక్కర లేదు. సంఖ్యలు తారుమారై, ఇ.ఆర్.ఏ. తక్కువగానూ ఎఫ్.ఐ.పి. ఎక్కువగానూ ఉన్నప్పుడే జాగ్రత్తపడాలి. సెప్టెంబర్‌లో అభిమానులు ఎక్కువగా మోసపోయేది అలాంటివారి దగ్గరే.

అంకెలతో పాటు కళ్లతో చూడవలసినవీ ఉన్నాయి. క్యాచర్ గ్లవ్ ఎక్కడ పెట్టాడో, బంతి ఎక్కడికి వచ్చిందో గమనించండి. బయటి మూలకు పెట్టిన గ్లవ్ పదేపదే లోపలికి లాక్కోవలసి వస్తుంటే, ఆ బంతి స్ట్రైక్ అయినా పిచర్ అదుపు తప్పినట్టే. ప్రతి బ్యాటర్‌కు మొదటి బంతి స్ట్రైక్ పడుతోందా అన్నది చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా, రెండు బాల్స్ పడి స్ట్రైక్ ఒక్కటీ లేనప్పుడు, లేదా మూడు బాల్స్, ఒక స్ట్రైక్ ఉన్నప్పుడు, పిచర్ ఏం వేస్తాడో కాగితం మీద రాసుకోండి. ఆ స్థితిలో ఫాస్ట్‌బాల్ తప్ప మరొకటి వేసే ధైర్యం లేనివాడిని పెద్ద లీగ్ బ్యాటర్లు కొద్ది వారాల్లోనే పట్టేస్తారు. స్లైడర్‌నో చేంజప్‌నో (వేగం తగ్గించి వేసే బంతినో) అక్కడ స్ట్రైక్‌గా వేయగలిగినవాడి మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

మూడో రకం బంతి గురించి వేరుగా చెప్పాలి. మంచి ఫాస్ట్‌బాల్, పదునైన స్లైడర్ ఉన్న కుడిచేతి పిచర్ కుడిచేతి బ్యాటర్లను బాగానే ఇబ్బంది పెడతాడు. ఎడమచేతి బ్యాటర్‌కు మాత్రం ఆ స్లైడర్ లోపలికి వస్తూ స్పష్టంగా కనిపిస్తుంది, అందుకే మూడో రకం బంతి కావాలి. పైగా బ్యాటర్లు ఒకే పిచర్‌ను ఒకే మ్యాచ్‌లో రెండోసారి, మూడోసారి ఎదుర్కొనే కొద్దీ మెరుగ్గా ఆడతారు. తొలి మ్యాచ్‌లో నాలుగు ఇన్నింగ్స్ వేసిన పిచర్‌కు మూడోసారి పరీక్ష దాదాపు ఎదురే కాదు. అతను స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌గా) నిలుస్తాడా లేక బుల్‌పెన్‌కు వెళ్తాడా అన్నది తేల్చే పరీక్ష అదే. బుల్‌పెన్‌కు వెళ్లడం ఓటమి కాదని కూడా గుర్తుంచుకోవాలి: తరువాత బుల్‌పెన్‌లో దిగ్గజమైన మరియానో రివెరా 1995లో పది మ్యాచ్‌లు స్టార్ట్ చేసి, ఆ ఏడాది 5.51 ఇ.ఆర్.ఏ.తో ముగించినవాడే.

ఫ్రిస్కోలోనో రౌండ్ రాక్‌లోనో ఉండేవారికి ఇంకో సౌకర్యం ఉంది. రేంజర్స్ వారి మైనర్ లీగ్ జట్లలో పైనుంచి రెండో మెట్టైన డబుల్ ఏ జట్టు ఫ్రిస్కోలో, పై మెట్టైన ట్రిపుల్ ఏ జట్టు రౌండ్ రాక్‌లో ఆడతాయి. రాకర్ రెండింటికీ ఆడి పైకి వచ్చాడు. తక్కువ ధరకే ప్లేట్ వెనుక సీటు దొరుకుతుంది. టీవీలో తెలియని స్లైడర్ వంపు అక్కడినుంచి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇన్నింగ్స్ గడిచే కొద్దీ వేగం తగ్గుతోందేమో స్కోరు బోర్డు మీద చూసుకోవచ్చు.

భుజం, మోచేయి, ఇన్నింగ్స్ లెక్క

యువ పిచర్ భవిష్యత్తులో ప్రతిభ ఎంతో ఆరోగ్యం కూడా అంతే. రాకర్‌ను 2021లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో ఎంచుకుని, వైద్య పరీక్షల తరువాత ఒప్పందం చేసుకోలేదు. 2022లో రేంజర్స్ మూడో స్థానంలో తీసుకున్నారు. 2023లో అతనికి మోచేతి స్నాయువు మార్పిడి, అంటే టామీ జాన్ శస్త్రచికిత్స, జరిగింది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ పిచర్ టామీ జాన్‌కు తొలిసారి చేసిన ఈ శస్త్రచికిత్స తరువాత అతను స్వయంగా 1989 దాకా ఆడాడు. కాబట్టి దాన్ని ఆట ముగింపుగా చూడకూడదు. కోలుకోవడానికి ఏడాదికి పైగా పడుతుందని, ఆ తరువాతి ఏడాది ఎన్ని ఇన్నింగ్స్ వేయించాలన్నది పెద్ద చర్చ అవుతుందని తెలుసుకుంటే చాలు.

ఆ చర్చకు 2012 వాషింగ్టన్ నేషనల్స్ కంటే మంచి ఉదాహరణ లేదు. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2010 జూన్ 8న తన తొలి మ్యాచ్‌లోనే 14 మందిని స్ట్రైకవుట్ చేసి, ఆ ఏడాదే మోచేతి శస్త్రచికిత్సకు వెళ్లాడు. 2012లో జట్టు 98 మ్యాచ్‌లు గెలుస్తున్న సీజన్‌లో, 159⅓ ఇన్నింగ్స్ పూర్తి కాగానే సెప్టెంబర్‌లో అతన్ని ఆపేశారు. జట్టు ప్లేఆఫ్స్ తొలి సిరీస్‌లోనే సెయింట్ లూయిస్ చేతిలో ఓడింది. అభిమానుల ఆగ్రహం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. 2019లో అదే స్ట్రాస్‌బర్గ్ వరల్డ్ సిరీస్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఆ తరువాత ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, గాయాల వల్ల ఎనిమిది మ్యాచ్‌లే ఆడగలిగాడు. 2012 నిర్ణయం సరైనదని వాదించేవారికి, తప్పని వాదించేవారికి ఈ ఒక్క జీవితంలోనే ఆధారాలు దొరుకుతాయి. నా దృష్టిలో ఆ జట్టు చేసిన తప్పు విశ్రాంతి ఇవ్వడం కాదు. ఆ విశ్రాంతిని సీజన్ మొదట్లోనే పంచి, అక్టోబర్‌కు అతన్ని మిగుల్చుకోకపోవడం. మీ జట్టు పిచర్ విషయంలోనూ మొత్తం ఇన్నింగ్స్‌తో ఆగకుండా, మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య ఎన్ని రోజుల విరామం ఇస్తున్నారో, ఏప్రిల్‌తో పోలిస్తే ఫాస్ట్‌బాల్ వేగం ఎంత తగ్గిందో చూడండి. ప్లేఆఫ్స్ ఆశ లేని జట్టు, రెండు మూడు మైళ్ల వేగం కోల్పోయిన పిచర్‌ను సెప్టెంబర్ 25న ఇంకో ఇన్నింగ్స్‌కు పంపితే దాన్ని నిర్మొహమాటంగా ప్రశ్నించాలి.

అంచనాను రాసి పెట్టుకోండి

చివరగా, అంచనాను ఒక్క మాటలో చెప్పకుండా శాతాలుగా రాయండి. ఉదాహరణకు: మొదటి వరుస స్టార్టర్ కావడానికి 15 శాతం, నాలుగో ఐదో స్టార్టర్‌గా నిలవడానికి 35 శాతం, బుల్‌పెన్‌లో స్థిరపడటానికి 30 శాతం, నిలదొక్కుకోలేకపోవడానికి 20 శాతం. ఏ సంగతి తెలిస్తే ఈ అంకెలు మార్చుకుంటారో పక్కనే రాయండి. ఇలా రాసుకున్నవారిద్దరు మాట్లాడుకుంటే వాదన అరుపుల దాకా వెళ్లదు, ఎందుకంటే ఇద్దరికీ తేడా ఏ గడిలో ఉందో కనిపిస్తుంది.

ఆ అంకెల్లో ఏదీ సున్నా కాకూడదన్నదానికి టొరాంటో పిచర్ రాయ్ హాలడే సాక్ష్యం. 1998 సీజన్ చివరి రోజున, తన రెండో మ్యాచ్‌లోనే, 21 ఏళ్ల హాలడే డెట్రాయిట్‌కు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 26 మందిని అవుట్ చేశాడు. చివరి అవుట్ మిగిలి ఉండగా బాబీ హిగిన్సన్ హోమ్ రన్ కొట్టాడు. ఆ రోజు టొరాంటోలో అతని భవిష్యత్తును శంకించినవారు ఉండి ఉండరు. రెండేళ్లకు, 2000లో, అతని ఇ.ఆర్.ఏ. 10.64. కనీసం 50 ఇన్నింగ్స్ వేసినవారిలో అంతకంటే చెడ్డ సీజన్ చరిత్రలో లేదు. మరుసటి ఏడాది అతన్ని మైనర్ లీగ్‌లోని సింగిల్ ఏ స్థాయికి దించి, శిక్షకుడు మెల్ క్వీన్ బంతి విసిరే తీరునే మార్పించాడు. ఆ తరువాత రెండు సై యంగ్ అవార్డులు వచ్చాయి. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

రాకర్ 2025లో 14 మ్యాచ్‌లు ఆడి 5.74 ఇ.ఆర్.ఏ. నమోదు చేశాడు. సియాటిల్‌లోని నాలుగు ఇన్నింగ్స్ చూసి రాసుకున్న అంకెలను అప్పుడు సవరించుకోక తప్పదు. కొట్టివేయనక్కర మాత్రం లేదు. సవరించే పనిని ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలుపెట్టండి. రేంజర్స్ శిక్షణ శిబిరం అరిజోనాలోని సర్‌ప్రైజ్‌లో జరుగుతుంది. అక్కడి పొడి గాలిలో బంతి దూరం పోతుంది, చివరి ఇన్నింగ్స్‌లో ఆడేవారిలో చాలామంది మైనర్ లీగ్ ఆటగాళ్లు. కనుక అక్కడి ఇ.ఆర్.ఏ.ను పట్టించుకోవద్దు. ఫాస్ట్‌బాల్ వేగం నిరుటి స్థాయిలో ఉందా, ఎడమచేతి బ్యాటర్ల కోసం కొత్త బంతి ఏదైనా నేర్చుకున్నాడా అన్నవి మాత్రం రాసుకోండి. తరువాత ఏప్రిల్, మే నెలల్లో మొదటి ఆరు మ్యాచ్‌లు పూర్తయ్యాక స్ట్రైకవుట్లు, వాక్‌లు లెక్కగట్టి, మూడోసారి ఎదురైన బ్యాటర్లు అతన్ని ఎలా ఆడారో చూసి, పాత శాతాల పక్కన తేదీ వేసి కొత్త శాతాలు రాయండి.